కోళ్ల కాళ్ల కోసం హైటెక్ సిటీకి

హైటెక్ సిటీకి చాలామంది ఉద్యోగం కోసం పోతారు. కొందరు ఊరికే చూసి రావడానికి పోతారు. నేను కోళ్ల కాళ్ల కోసం పోయాను.

మా ఊరు సిద్దిపేటకు ఇవతల, పెద్దరోడ్డు దిగి కొంచెం లోపలికి ఉంటుంది. మా ఊళ్లో హైటెక్ సిటీని చూసినవాళ్లు లేకపోలేదు. కానీ వాళ్లంతా దాన్ని కట్టడానికి పోయినవాళ్లు. ఇసుక మోసేటప్పుడు పై అంతస్తు దాకా ఎక్కారు. అద్దాలు బిగించిన తర్వాత గేటు దగ్గరే ఆగిపోయారు. అందుకని ఇప్పుడు లోపల ఏముందని అడిగితే ఎవరూ చెప్పలేరు. నేను లోపలికి పోయి వచ్చాను కాబట్టి పోనివాళ్ల కోసం రాస్తున్నాను. చదవడం, రాయడం నాకు నలభై దాటాక వచ్చాయి. ఇందులో తప్పులుంటే మా రాత్రిబడి పంతులమ్మను అడగండి, నన్ను కాదు.

షెడ్డు దగ్గర

మాకు ఒక కోళ్ల షెడ్డు ఉంది. బ్రాయిలర్ కోడికి ఉన్న పనులే మూడు. తినడం, తాగడం, లేచి మళ్లీ తినడానికి పోవడం. ఆ మూడో పని ఆగిపోయింది.

పిల్లలు మూడో వారంలో ఉన్నాయి. మొదట ఒక మూలన కొన్ని మోకాళ్ల మీద కూర్చున్నాయి. కీలు దగ్గర వాపు, కాలు పక్కకు తిరిగి ఉంది. మేత పళ్లెం ఎదురుగానే ఉంటుంది, మెడ చాస్తాయి, అందదు. కళ్లు మాత్రం బాగానే ఉంటాయి. ఆ కళ్లతో మమ్మల్ని చూస్తాయి. ముందటి బ్యాచ్ ఎండలకు పోయింది. ఇది కూడా పోతే షెడ్డు రేకులు విప్పి అమ్ముకోవడమేనని మా ఆయన అన్నాడు. ఆయన పరాచికాలాడే మనిషి కాదు.

ఊళ్లో సలహాలకు కరువు లేదు. కాళ్లంటే ఎముకలు, ఎముకలంటే సున్నం, కాబట్టి మేతలో సున్నపు పొడి వేయమని అందరూ చెప్పారు. కోళ్లు పెంచినవాళ్లు చెప్పారు, కోడిని తినడం తప్ప ఏమీ తెలియనివాళ్లూ చెప్పారు. వేశాను. ఇంకొన్ని కూర్చున్నాయి. తక్కువైందేమో అన్నారు. ఇంకా వేశాను. ఇంకా కూర్చున్నాయి.

అసలు లోటు నాకు తెలియనిది కాదు. మేత మేమే కలుపుకుంటాం. మక్కపిండి, సోయా చెక్క, నూనె, ఉప్పు. వాటితో పాటు టన్నుకు ఒక కిలో మినరల్ పొట్లం. అందులో జింకు, మాంగనీసు, రాగి, ఇనుము, ఇంకా పేరు తిరగనివి కొన్ని ఉంటాయి. తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి లారీలు రాలేదు, డీలర్ దగ్గర పొట్లాలు అయిపోయాయి. టన్నులో ఒక్క కిలో కదా, లేకపోతే ఏమవుతుందని పొట్లం లేకుండానే కలిపాను. అది కంటికి కనపడేది కాదు, వాసన వచ్చేది కాదు. లేదని కోడి కూడా అడగదు. అడగకుండా కూర్చుంటుంది.

డీలర్ దగ్గరికి మళ్లీ పోతే, సరుకంతా పట్నం నుంచే రావాలన్నాడు. కంపెనీ ఆఫీసు హైటెక్ సిటీలో ఉందని నాకు తెలుసు. మా చెల్లెలు సత్తెమ్మ ఊడ్చే ఆఫీసుల్లో అదొకటి. గోడ మీద ఇంత పెద్ద కోడి బొమ్మ ఉందని అది చెప్పినప్పటి నుంచే మేము ఆ కంపెనీ పొట్లం కొంటున్నాం. చెల్లె ఊడ్చే ఆఫీసు సరుకు మోసం చేయదని మా నమ్మకం. నేనే పోయి తెచ్చుకుంటానంటే డీలర్ ఏదో చెప్పబోయాడు. ఆఫీసు ఉన్నచోట సరుకు ఉండదా అనుకుని నేను ఆగలేదు.

పెద్దరోడ్డు మీద బువ్వ

బస్సులు డిపోల్లో ఉన్నాయి. పక్క ఊరి ఫారం కోళ్లను చందానగర్ మార్కెట్‌కు తీసుకుపోయే యాదగిరి వ్యాన్‌లో ఎక్కాను. వెనక జాలీ పెట్టెల్లో కోళ్లు నిలబడి ఉన్నాయి. వాటి కాళ్లు చూసి నాకు కళ్లు కుట్టాయి. కోయబోయే కోళ్లను చూసి అసూయపడినదాన్ని నేనొక్కదాన్నేనేమో.

ప్రజ్ఞాపూర్ దాటగానే రోడ్డుకు అడ్డంగా వంటావార్పు. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, వాటి మీద గంగాళాలు, చుట్టూ జనం. మన దగ్గర వంటావార్పు అంటే తెలియనివారు లేరు గానీ, అంతమంది అన్నం ఒకేచోట ఉడకడం నేనూ అప్పుడే చూశాను. యాదగిరి కిటికీలోంచి తల బయటపెట్టి జై తెలంగాణ అని గట్టిగా అరిచాడు. ఉద్యమం మీద ప్రేమ ఉంది, దారి ఇస్తారన్న ఆశ అంతకంటే ఎక్కువగా ఉంది. మెడలో కండువా ఉన్న ఒకాయన వ్యాన్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"జై తెలంగాణ అన్నవు, మంచిగనే ఉన్నది. మరి కూరేది?"

"అన్నా, ఇవి నావి గావే. సేటువి."

"సేటు గూడ తెలంగాణల్నే ఉంటడు గద. ఆయన పేరు మీద రాసుకుంటం తియ్."

సేటు పేరు ఎవరూ ఎక్కడా రాయలేదు. ఒక పెట్టె కిందికి దిగింది. ఎన్ని పోయాయని అడిగితే లెక్క పెట్టొద్దన్నాడు యాదగిరి. లెక్క తెలిస్తే సేటుకు చెప్పాల్సి వస్తుందట.

అన్నం ఉడుకుతుండగా కండువా ఆయన మైకు పట్టుకున్నాడు. ఆయన ఉపన్యాసం అన్నం కంటే ఎక్కువసేపు ఉడికింది. ఎసరు చూడాల్సినవాళ్లు చప్పట్లు కొట్టారు, అడుగంటింది. అయినా రోడ్డు మీద కూర్చుని తినడంలో ఒక రుచి ఉంది. ఏ రోడ్డు మీద నిలబడి గంటల కొద్దీ బస్సు కోసం చూశామో, అదే రోడ్డు మీద కాళ్లు చాపుకుని కూర్చుని తిన్నాం. కూరలో ముక్క గట్టిగా ఉంది. కాలి ఎముకను కొరికి చూశాను. మంచి ఎముక. మేతలో అన్నీ సరిగ్గా వేసినవాళ్ల కోడి.

చందానగర్

సత్తెమ్మ చందానగర్‌లో మార్కెట్ వెనక ఒక గది కిరాయికి తీసుకుని ఉంటోంది. గది మా షెడ్డులో బస్తాలు పెట్టుకునే మూల అంత ఉంటుంది. కిరాయి చెప్పింది గానీ నేను మళ్లీ అడగలేదు. చాయ్ ఆరు రూపాయలు. మా ఊళ్లో మూడు రూపాయలకు నిండు గ్లాసు ఇస్తారు, ఇక్కడ ఆరు తీసుకుని సగం పోస్తారు, పైగా గ్లాసు కాగితంది.

మార్కెట్‌లో కోడిమాంసం అమ్మే తీరు చూడాలి. మనం కోడిని మంట మీద కాల్చి, పసుపు పూసి, తోలుతోనే కోస్తాం. ఇక్కడ తోలంతా తీసేసి పక్కన పడేస్తారు. తోలు లేని మాంసానికి ధర ఎక్కువ. కోడిలో కొంత తీసేస్తే ధర తగ్గాలి కదా అని దుకాణం అతన్ని అడిగాను. అతను నన్ను పైనుంచి కిందికి చూసి, కొత్తగా వచ్చినవా అమ్మా అన్నాడు.

సత్తెమ్మకు నా పని చెబితే పడీపడీ నవ్వింది.

"పొడి కోసం అచ్చినవా? ఆడ పొడి గిడి ఏం లేదక్కా. అన్ని కంప్యూటర్లే. కోళ్ల కంపెనీ అని పేరు గని ఒక్క ఈక గూడ దొరకదు ఊడిస్తే."

"గన్ని పొట్లాలు అమ్ముతరు, ఒక్కటన్న ఉండదా?"

"ఒక్కటున్నది. దర్వాజ ముంగట అద్దాల డబ్బల పెట్టిండ్రు. లైటు గూడ పెట్టిండ్రు దానికి. రోజు నేనే తుడుస్త."

నాకు కావలసింది ఆ ఒక్కటే. మా కోళ్లు పట్టుకుపోయేదాకా తినబోయే మేతకు ఒక్క కిలో సరిపోతుంది. ఆ మాటంటే సత్తెమ్మ నవ్వడం ఆపింది. దాన్ని తుడవడానికే భయమేస్తుందని, సార్లు దేవుడి పటాన్ని చూసినట్టు చూస్తారని చెప్పింది. ఆ పెట్టె తాళంచెవి మాత్రం సత్తెమ్మ నడుముకే ఉంది. తుడిచేది అదే కదా.

అద్దాల పెట్టె

మరునాడు పొద్దున్నే షేర్ ఆటోలో పోయాం. కొండాపూర్ దాటాక నాకు ఒక బాధ మొదలైంది. ఇంత కష్టపడి అక్షరాలు నేర్చుకున్నాను, దారి పొడవునా బోర్డులు చదువుకుంటూ వచ్చాను. ఇక్కడికి రాగానే చదవడానికి ఒక్క తెలుగు బోర్డు లేదు. చివరికి ఒక గోడ మీద తెలుగు కనపడితే సంతోషంగా చదివాను. ఇచ్చట మూత్రము పోయరాదు. మన భాష వాళ్లకు ఏ పనికి అవసరమో తెలిసింది.

మా షెడ్డులోకి ఎవరైనా రావాలంటే గుమ్మం దగ్గర మందునీళ్లలో కాళ్లు ముంచి రావాలి. బయటి రోగం లోపలికి రాకూడదని. ఇక్కడా అదే పద్ధతి. కాళ్లకు బదులు సంచీ చూస్తారు, ఒంటికి ఒక చీటీ అంటిస్తారు. లోపల మా షెడ్డు కంటే చల్లగా ఉంది. పగలే లైట్లు వేసి ఉన్నాయి. రాత్రి కూడా ఆర్పరట. మేమూ ఆర్పం, పిల్లలు ఎక్కువ తింటాయని. వీళ్లను ఎందుకు మేల్కొలిపి ఉంచుతారని అడిగితే, అమెరికాలో అప్పుడు తెల్లారుతుందని సత్తెమ్మ చెప్పింది.

ఏడో అంతస్తు. సత్తెమ్మ చెప్పినట్టే అద్దాల పెట్టె, లోపల లైటు, లైటు కింద నా పొట్లం. దాని ముందు బల్ల దగ్గర లావణ్య అనే అమ్మాయి ఉంది. గుంటూరు వైపు పిల్ల, మాట మెత్తన. సార్ వచ్చేదాకా కూర్చోమని నీళ్లిచ్చి, తను ఒక మాత్ర వేసుకుంది. జ్వరమా బిడ్డా అని అడిగాను.

"జ్వరం కాదండి. జింక్ అండి. జుట్టు ఊడుతోందని డాక్టర్ రాశారు."

జింకు తగ్గితే మా కోళ్లకు ఈకలు సరిగ్గా రావు. ఆ సంగతి చెబితే నొచ్చుకుంటుందేమోనని ఊరుకున్నాను. పొట్లం కూర్చున్న అద్దాల పెట్టెను ఆనుకునే ఆమె తన మాత్రల డబ్బా పెట్టుకుంది.

సారు పేరు చంద్రమోహన్. అనంతపురం ఆయన. నన్ను కూర్చోబెట్టి మొత్తం విన్నాడు. ఆయన్ని వేళాకోళం చేయడానికి నాకు చాలా కారణాలున్నాయి గానీ, ఒక్క విషయంలో మాత్రం చేయలేను. ఆయనకు పని తెలుసు. కీలు వాచిందా, కాలు లోపలికి తిరిగిందా బయటికా, అన్నీ అడిగాడు. సున్నం మాట చెప్పగానే పట్టుకున్నాడు.

"సున్నం ఎవురు వేయమనిరి?"

"అందరు చెప్పిండ్రు సారూ."

"అందరూ చెప్పినారంటే అది తప్పేమ్మా. కోడి కాలు పట్టు తప్పింది సున్నం లేక కాదు, మాంగనీస్ లేక. నువ్వు సున్నం పోసే కొద్దీ అది మాంగనీస్‌ను ఒంటికి పట్టనీదు. మేతలో ఉండేదే రవ్వంత, దానికి నువ్వు అడ్డం పోసినావు. ఉండేదాన్ని ఎక్కువ చేస్తే లేనిది వస్తుందా?"

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆయనకు ఫోన్ చేసి సున్నం ఆపమని చెప్పాను. ఇంకొన్ని కూర్చున్నాయన్నాడాయన. పొట్లం దొరికిందా అన్నాడు. కనపడింది అన్నాను.

తర్వాత సారు గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. ఆ బొమ్మల్లో కోళ్లు గడ్డి మీద పరుగెత్తుతున్నాయి. నేను పొట్లం అడిగాను. ఇక్కడ సరుకు ఉండదని, ఇక్కడ ఉండేది సొల్యూషన్ అని చెప్పాడు. సీసాలో పోసి ఇస్తారా అని అడిగాను. అది అట్లాంటిది కాదట. సరుకు జీడిమెట్ల గోదాములో ఉంది. గోదాముకు తాళం, లారీ నిండా సరుకు, డ్రైవర్ సమ్మెలో. సమ్మె అయిపోయాక ఈమెయిల్ పెట్టమన్నాడు.

"గా అద్దాల డబ్బలది ఇయ్యిండ్రి సారూ. పైసలిస్త."

"అది డిస్‌ప్లేమ్మా. అమ్మేది కాదు. రేపు బయటి దేశం నుంచి ఇద్దరు పెద్దోళ్లు వస్తాండారు, ఆఫీసులో ఉండే ఒకే పొట్లం అది. అది కూడా లేకపోతే మేము ఏం అమ్ముతామని చూపించాల?"

రేపు తెలంగాణ అంతా బందు కదా అన్నాను. ఆయన నవ్వాడు. వాళ్లకు బందు లేదట. ఆఫీసులో అందరినీ ఈ రాత్రి ఇక్కడే పడుకోబెడుతున్నారు. తెల్లారేసరికి ఎవరి బల్ల దగ్గర వాళ్లుంటారు. ఒక్కరు కూడా తగ్గరు, పని ఒక్క నిమిషం ఆగదు, వచ్చినవాళ్లు చూసి మెచ్చుకోవాలి. నిజంగానే ఒక పక్కన దుప్పట్లు, దిండ్లు గుట్టగా పోసి ఉన్నాయి. కొత్త బ్యాచ్ దించే ముందు మేము ఊక పరుస్తాం, అది గుర్తొచ్చింది.

బందు నాడు

పొద్దున్నే సత్తెమ్మకు ఫోన్ వచ్చింది. సారే చేశాడు. నువ్వొక్కదానివి వస్తే చాలు సత్తెమ్మా, మనిషిని పంపుతానన్నాడు. మళ్లీ, పంపడానికి డ్రైవర్ లేడు, నడిచి రాగలవా అన్నాడు. సత్తెమ్మ నా వైపు చూసి, బందు సార్ అని పెట్టేసింది.

నేను ఊరుకోలేకపోయాను. ఒక్క పూట పోతే ఏమవుతుంది, పోయి మంచిగా అడిగితే పొట్లం ఇస్తాడు కదా అన్నాను. సత్తెమ్మ చీపురు కింద పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"అక్కా, నీ కోళ్లు సచ్చిపోవాల్నని నాకు లేదు. గని ఏడేండ్ల సంది ఊడుస్తున్న. ఇయాల్టి దాక గాయన నన్ను పేరు వెట్టి పిలువలే. ఇయాల నేను రానందుకు పేరు యాదికచ్చింది. ఇయాలనే పోతనా?"

షెడ్డు రేకులు కళ్ల ముందు కనపడ్డాయి. అయినా మళ్లీ అడగలేదు.

ఆ బిల్డింగు ముందే వంటావార్పు పెట్టుకున్నారట, ఊడ్చేవాళ్లు, డ్రైవర్లు, గేటు దగ్గర ఉండేవాళ్లు. ఇద్దరం నడిచి పోయాం. అంత వెడల్పు రోడ్లలో బండి ఒక్కటి లేదు. కుక్కలు నడిమధ్యలో పడుకుని ఉన్నాయి. సత్తెమ్మ నన్ను చింతపండు దగ్గర కూర్చోబెట్టింది, పచ్చిపులుసు బాగా చేస్తానని అందరికీ చెప్పి. ఉప్పు ఎంత వేయాలన్న దాని మీద నల్గొండ వాళ్లకు, మహబూబ్‌నగర్ వాళ్లకు కొంచెంసేపు గొడవ జరిగింది. రాష్ట్రం వచ్చాక తేల్చుకుందామని ఒక డ్రైవర్ అన్నాడు.

పది దాటాక కరెంటు పోయింది. సమ్మెతో బొగ్గు రాక, కరెంటు రోజూ పోతూనే ఉంది. ఆ బిల్డింగుకు పెద్ద జనరేటర్ ఉంది. కానీ దాన్ని నడిపే మనిషి నా పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. నేను తలెత్తి చూశాను. అద్దాల వెనక మనుషులు వరుసగా నిలబడి ఉన్నారు. ఆ అద్దాలు తెరుచుకోవట. ఎండాకాలం కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే మా షెడ్డులో కోళ్లు నోళ్లు తెరిచి, రెక్కలు దూరం పెట్టుకుని నిలబడతాయి. దూరం నుంచి చూసినా ఆ నిలబడే తీరు నేను గుర్తుపడతాను.

మొదట లావణ్య దిగి వచ్చింది, ఏడు అంతస్తుల మెట్లు, చెప్పులు చేతిలో పట్టుకుని. లోపలి సంగతి ఆమె చెప్పింది. మనుషులంతా ఉన్నారు, ఒక్కరు కూడా తగ్గలేదు. తాగే నీళ్ల డబ్బాలు మాత్రం రాలేదు. క్యాంటీన్ తెరవలేదు. కాఫీ మిషన్‌లో పాలు పోసేవాళ్లు లేరు. బాత్రూముల గురించి అడగవద్దంది.

"తినడానికి ఏమైనా ఉంటుందాండి? రాత్రి నుంచి బిస్కెట్లేనండి."

వంటావార్పులో ఎవరినీ కాదనరు. కూర్చోమని విస్తరి వేశాం. ఆమెను చూసి ఇద్దరు దిగారు, వాళ్లను చూసి పదిమంది దిగారు. మెడలో కార్డులతో రోడ్డు మీద వరుసగా కూర్చున్నారు. అందులో కోస్తావాళ్లున్నారు, సీమవాళ్లున్నారు, మనవాళ్లూ ఉన్నారు. పచ్చిపులుసు రెండోసారి అడగడంలో తేడా ఏమీ కనపడలేదు. కాపలా పోలీసులు మాత్రం తాము డ్యూటీలో ఉన్నామని నిలబడే తిన్నారు.

అప్పుడు వచ్చారు బయటి దేశం వాళ్లు. హోటల్ దగ్గరేనట, కార్లు లేక నడిచి వచ్చారు. ఒక ఎర్రటి పొడుగాయన, ఒకావిడ. ఇద్దరూ కోట్లలో చెమటకు తడిసిపోయారు. చంద్రమోహన్ సారు మెట్ల మీద నుంచి పరుగున దిగాడు. ఏదో చెప్పబోయాడు గానీ వాళ్లు వినలేదు. గంగాళాలు చూశారు, విస్తళ్లు చూశారు, కంపెనీ తమ కోసమే ఏర్పాటు చేసిన భోజనం అనుకున్నారు. బూట్లు విప్పి లావణ్య పక్కన కూర్చున్నారు. సారు ఒక్క క్షణం ఆగి, ఇంగ్లీషులో ఒక మాట చెప్పాడు. ఏమన్నాడని లావణ్యను అడిగాను.

"ఇక్కడి సంప్రదాయం అని చెప్పారండి."

ఆయన కూడా కూర్చోక తప్పలేదు. అన్నం వడ్డిస్తూ ఆయన దగ్గరికి వచ్చాను. చొక్కా నలిగి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. రెండు ముద్దలు తినేదాకా ఆగి చెప్పాను.

"సారూ, నిన్న మీరు నాకు చెప్పిందే. మీరు గూడ సున్నమే ఎక్కువ పోసిండ్రు."

ఆయన చెయ్యి విస్తట్లోనే ఆగింది. తలెత్తి బిల్డింగును చూశాడు, దుప్పట్లు గుట్ట పోసిన ఏడో అంతస్తును. తర్వాత ఉల్లిగడ్డలు కోసే జనరేటర్ మనిషిని, నీళ్ల గంగాళం దగ్గర నిలబడ్డ సత్తెమ్మను చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. నవ్వాడు. పొలమారి సత్తెమ్మే నీళ్లివ్వాల్సి వచ్చింది.

"పొట్లం ఇయ్యిండ్రి సారూ. ఆళ్లు ఏడంతస్తులు ఎక్కి సూస్తరా? నా కోళ్లు మాత్రం కూసున్నయి."

"ఇస్తానమ్మా. తీసకరమ్మని చెప్పు సత్తెమ్మకు."

సత్తెమ్మ నడుము దగ్గరి దారం విప్పి తాళంచెవి ఆయన ముందు పెట్టింది.

"తాళంచెవి ఇస్త సార్. నేను ఎక్క. బందు."

ఆయన తాళంచెవిని చూశాడు, మెట్లను చూశాడు. చెయ్యి కడుక్కుని లేచాడు. మేము గంగాళాలు తోమడం మొదలుపెట్టాక దిగి వచ్చాడు, చొక్కా ఒంటికి అంటుకుపోయి, పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుని. తను అమ్మే సరుకు ఎంత బరువుంటుందో మొదటిసారి తెలిసిందన్నాడు. పైసలు తీయబోతే వద్దన్నాడు, దానికి బిల్లు ఎట్లా కొట్టాలో ఎవరికీ తెలియదట. సారు నా చేతికి పొట్లం ఇస్తుంటే ఆ ఎర్రటి పొడుగాయన ఫోటో తీశాడు. వెనకాల గంగాళాలు, జెండాలు, జనం. మళ్లీ ఇంకోసారి ఇమ్మని ఇంకో ఫోటో తీశాడు. రెండోసారి ఇవ్వాలంటే సారు ముందు నా చేతిలోంచి దాన్ని తీసుకోవాలి. నేను గట్టిగానే పట్టుకున్నాను.

ఇంటికి

మరునాడు యాదగిరి ఖాళీ వ్యాన్‌లో తిరిగి వచ్చాను. సేటుతో ఏం చెప్పావని అడిగాను. దారిలో కొన్ని కోళ్లు ఉద్యమంలో చేరాయని చెప్పాడట. సేటు ఏమన్నాడో చెప్పలేదు.

పొట్లం విప్పితే పొడి బెల్లంలా గడ్డకట్టి ఉంది. ఎన్నాళ్లు ఆ లైటు కింద కూర్చుందో. రోట్లో వేసి దంచాను, జల్లెడ పట్టాను. దీన్ని తీసుకుపోయి మేత కుప్ప మీద చల్లితే ఒక కోడికి అంతా వస్తుంది, వంద కోళ్లకు ఏమీ రాదు. అందుకని కలపాల్సిన పొడిని ముందు చేటెడు మక్కపిండిలో కలపాలి, ఆ చేటెడును ఒక బస్తాలో, ఆ బస్తాను కుప్పలో. ప్రతిసారీ పారతో అటూ ఇటూ తిరగేయాలి. చేతులు నొప్పి పుట్టేదాకా నేను తిరగేశాను, ఆ తర్వాత మా ఆయన తిరగేశాడు. సున్నం బస్తా పక్కింటి గోడకు వెల్ల వేయడానికి పోయింది.

అప్పటికే కాలు పూర్తిగా పక్కకు పోయినవి లేవలేదు. నరం ఒకసారి జారితే ఏ పొట్లమూ వెనక్కి తేలేదని సారు ముందే చెప్పాడు. వాటిని వేరే మూలన పెట్టి, నోటి దగ్గరికే మేత, నీళ్లు అందించాను. వాటిని మేమే తిన్నాం, ఊళ్లో పంచాం, తోలుతోనే. సున్నం వేయమన్న ఇళ్లకు కూడా పంచాం.

కొత్తగా ఇంకొన్ని కూర్చోవడం మాత్రం ఆగింది. ఒకరోజు, రెండురోజులు, వారం. ఒక పొద్దున మేత డబ్బా చప్పుడు చేయగానే షెడ్డు అవతలి కొస నుంచి అన్నీ లేచి, ఒకదాన్నొకటి తోసుకుంటూ నా కాళ్ల మీదికి వచ్చి పడ్డాయి. మా ఆయన రేకుల మాట మళ్లీ ఎత్తలేదు. వచ్చే వానలకు ముందు కారే చోట తారు పూయాలన్నాడు.

ఆ బ్యాచ్ అమ్ముడుపోయిన తర్వాత సత్తెమ్మ ఫోన్ నుంచి చంద్రమోహన్ సారు మాట్లాడాడు. కోళ్లు ఎట్లా ఉన్నాయని ముందు అడిగాడు, అందుకు సంతోషించాను. తర్వాత మెల్లగా, ఆ పొట్లం కవర్ ఉందా అన్నాడు. కంపెనీ ముద్ర కొత్తగా మార్చారట, పాతవి అయిపోయాయట, కొత్త కవర్లు ఇంకా అచ్చు కాలేదట, అద్దాల పెట్టె ఖాళీగా ఉందట.

"ఊరికే కవర్ పెడితే వాలిపోతాందమ్మా. లోపల ఏదైనా పోసి పంపితే నిలబడుతుంది."

కవర్‌ను కడిగి ఎండబెట్టి దాచాను, మంచి గట్టి కవర్. తవుడు నింపి, మూతి కుట్టి, యాదగిరి వ్యాన్‌లో పంపాను. ఇప్పుడది మళ్లీ లైటు కింద కూర్చుంది. దాని పైన గోడకు నా ఫోటో పెద్దది చేసి తగిలించారట. గంగాళాలు, జెండాలు కత్తిరించి వెనకాల గడ్డి పెట్టారట. సత్తెమ్మ రోజూ రెండూ తుడుస్తుంది. సారు ఇప్పుడు దాన్ని పేరు పెట్టే పిలుస్తున్నాడట.

వచ్చినవాళ్లందరూ ఆ తవుడు ముందు ఆగి చూసి పోతున్నారు. ఇప్పటి వరకు దానిలో ఏ లోటూ ఎవరికీ కనపడలేదని చెల్లె చెప్పింది.